ఆంగ్లపద వ్యుత్పత్తులు : కథలును, చరిత్రయు

ఆంగ్లేయుల విందులలో సర్లాయిన్ అను మాంసఖండ మొకటి వడ్డింపబడును. గోవు నడుముయొక్క పైభాగమునుండి దానిని కోయుదురు. ఆ పేరు వచ్చిన విధమును గుఱించి ఆ దేశమున చిరకాలముగ ఒక కథ వ్యాపించియున్నది. రాజొకడు భోజనమునకు గూర్చుండి, ఆ ఖండపు రుచికి మెచ్చి, కత్తి దూసి దానిపై నుంచి, వీరునకు వలెనే దానికిని 'సర్' అను బిరుదము నొసగెనట! ఆ రాజు ఎనిమిదవ హెన్రీ యని కొందఱును, మొదటి జేమ్సు అని కొందఱును, రెండవ చార్లెసు అని మఱికొందఱును చెప్పుదురు. ఒక్క వినోదమునకు ముగ్గురు రాజులు కర్త లగుటయే ఈ కథను శంకింపదగుటకు తొలి కారణము. ఇక పదమును విప్పి చూచినచో, ఫ్రెంచిభాషయందు 'సుర్' అనగా పైన అనియు, 'లాయిన్' అనుదానికి మూలమైన మాటకు నడుము అనియు అర్థము. నడుముమీది భాగ మగుటచేత ఆ పేరు. ఆంగ్లమున 16వ శతాబ్దిలోనే ఈ పదము సకారముమీద ఉకారముతో వ్రాయబడియున్నది. 1603లో ఆంగ్ల సింహాసన మెక్కిన జేమ్సునకు గాని, 1660లో పట్టమునకు వచ్చిన చార్లెసునకు గాని దీని పుట్టుకతో సంబంధ ముండుట పొసగదు. హెన్రీని గూర్చిన మాటయు నిలువదు. ఫ్రెంచివారి పదమునకు ఆంగ్లరాజు బిరుదముతో పని లేదు. అయినను ఈ కథ నిష్ఫలము కాలేదు. దానిని విన్నవారి చేతివ్రాతలో 'సుర్' క్రమముగ 'సర్' అయి, ఆ తప్పే నేటి నిఘంటువులలో ఒప్పై కూర్చున్నది.

పాఠశాలలలో ఆంగ్లపదముల పుట్టుకగా చెప్పబడునవి పెక్కులు ఈ జాతి కథలే. అవి వినుటకు ఇంపైనవి, విద్యార్థి మఱవలేనివి, అందుచేతనే అపాయకరమైనవి. పిమ్మట ఆ విద్యార్థి ధ్వనులు కలిసిన చోటనెల్ల వ్యుత్పత్తి కనుగొంటి ననుకొనును. ఆ యలవాటు స్వభాషకును సంక్రమించును. తెలుగు, త్రిలింగ శబ్దముల సంబంధమును గూర్చిన చర్చ ఎంతకాలము సాగెనో తెలిసిన పండితులకు ఈ విషయమును విస్తరించి చెప్పనక్కఱలేదు.

ఆంగ్లభాషాచరిత్రకారులు ఈ రోగమునకు కనిపెట్టిన మందు మిక్కిలి సామాన్యమైనది: కాలక్రమము. 1857లో లండనునందలి భాషాశాస్త్ర సమాజమువారు తమ నిఘంటువులు చాలవని తలంచి, ప్రతి పదమునకును అది గ్రంథములలో మొదట కానవచ్చిన కాలమునుండి ప్రయోగములను వరుసగా గూర్పవలెనని సంకల్పించిరి. 1879లో జేమ్సు మఱ్ఱే సంపాదకత్వమును వహించెను. మొదటి భాగము 1884లో వెలువడెను. కడపటిది 1928లో గాని రాలేదు. మఱ్ఱే 1915లోనే గతించెను. ఆక్స్‌ఫర్డు నిఘంటు వని ప్రసిద్ధి కెక్కిన ఆ గ్రంథమున సంవత్సరములతో గూడిన ప్రయోగములు పదునెనిమిది లక్షలకు పైబడి యున్నవి. ఒక వ్యుత్పత్తి ఎంత చతురముగ నున్నను, అది చెప్పు సంఘటనకు ముందే పదము గ్రంథమున కనబడినచో ఆ వ్యుత్పత్తి త్రోసివేయబడును. ఈ పరీక్షకు తర్కపాండిత్యము కంటె ఓపిక ఎక్కువ కావలెను.

అర్థములు మాఱిన తీరును చూచినప్పుడును ఈ ఓపికయే శరణ్యము. నైస్ అను పదము నేడు బాగైనది, ఇంపైనది అను అర్థమున ఇంటింట వాడబడుచున్నది. దాని మూలము లాటినున 'తెలియనివాడు' అను అర్థము గలది. మొదట మూఢుడు, తరువాత అతిసుకుమారుడు, పిమ్మట సూక్ష్మమైనది, తుదకు ఇంపైనది. ఇట్లు అది నిందనుండి స్తుతికి ఎక్కినది. సిల్లీ అను పదము దీనికి ఎదురుగా నడచినది. ప్రాచీనాంగ్లమున దానికి ధన్యుడు, భాగ్యశాలి అని యర్థము. ధన్యుడు కల్ల కపట మెఱుగనివాడయ్యెను. కల్ల కపట మెఱుగనివాడు జాలిగొనదగినవా డయ్యెను. తుదకు తెలివితక్కువవాడై నిలిచెను. తెలుగువారికి ఇందు వింత లేదు. పూర్వకవులు పూవులకు చెప్పిన 'కంపు' నేడు మురుగు కాలువకు చెప్పబడుచున్నది గదా. పురుషులును ధరించిన 'చీర' నేడు స్త్రీలకు మాత్రమే మిగిలినది. నేటి అర్థమును మాత్రమే పట్టుకొని వెనుకకు నడచువాడు ఏ మలుపును కనుగొనజాలడు.

పండితులకు మఱింత రుచించునది ఆంగ్లమునందలి ఒక విధమగు సంధి. ఆ భాషలో 'ఒక' అను అర్థమున, హల్లునకు ముందు 'ఎ' అనియు, అచ్చునకు ముందు 'ఎన్' అనియు ఒక చిన్నమాట వచ్చును. వ్రాతలో ఇవి విడివిడిగా నున్నను ఉచ్చారణమున కలసిపోవును. అప్పుడు నడుమ వినబడు నకారము ముందుమాటదో వెనుకమాటదో శ్రోతకు తెలియదు. తెలియనప్పుడు చెవికి తోచినట్లు విఱుచును. వంటచేయునప్పుడు నడుమునకు కట్టుకొను ఏప్రన్ మొదట 'నేప్రన్'. 'ఎ నేప్రన్' అనుదానిని 'ఎన్ ఏప్రన్' అని విఱిచిరి. నకారము శాశ్వతముగ పోయినది. ఏడర్ అను విషసర్పము ప్రాచీనాంగ్లమున నకారాది పదమే. జర్మనులు నేటికిని దానిని నకారముతోనే పలుకుదురు. క్రీడలలో తీర్పుచెప్పు అంపైర్ కూడ నకారము పోగొట్టుకొన్నవాడే. అతని పేరునకు మూలమైన ఫ్రెంచిపదమునకు 'జత కానివాడు', అనగా ఇరువురి తగవున ఏ పక్షమునను జేరని మూడవవాడు అని యర్థము. పదముయొక్క నిజమైన సొగసు ఇక్కడ నున్నది. నేటి రూపమున అది బొత్తిగ మఱుగుపడినది.

కొన్ని పదములకు ఈ విఱుపువలన నష్టము గాక లాభము కలిగినది. న్యూట్ అను నీటితొండ వంటి జంతువు పేరు పూర్వము అచ్చుతో మొదలిడెడిది. ముందుమాటనుండి నకారమును లాగుకొన్నది. నిక్‌నేమ్, అనగా మాఱుపేరు, మొదట 'ఈక్‌నేమ్'. 'ఈక్' అనగా అదనముగ, కూడ అని యర్థము. అసలు పేరున కదనపు పేరు గావున ఆ మాట. నేడు 'నిక్' అను భాగమునకు ఏదో యర్థము కల్పింప జూచువారి శ్రమ వ్యర్థము. ఆరెంజి చరిత్ర ఇంతకంటె విశాలమైనది. సంస్కృతమున నారంగము, పారసీకమున నారంగ్, అరబ్బీయమున నారంజ్, స్పానిషున నరంజ. ఇంతవఱకును నకారము భద్రముగ నున్నది. ఇటలీ, ఫ్రాన్సు దేశములు చేరునప్పటికి ఆ నకారము వెనుకటి 'ఒక' అను మాటతో కలసి జాఱిపోయినది. ఫ్రెంచివారికి 'ఒర్' అనగా బంగార మగుటచేత, పండు రంగును ఈ మార్పునకు దోహదము చేసియుండును. ఆంగ్లేయులకు పండు అందునాటికే పేరు తల తెగి యుండెను. సంస్కృతపదమునకే ద్రావిడ భాషలు మూలమై యుండునని పలువురు భాషావేత్తల యభిప్రాయము. తెలుగువారి నారింజలో నకారము నేటికిని చెక్కుచెదరలేదు.

హంబుల్ పై తినుట అను జాతీయము ఈ సంధికిని, శ్లేషకును పుట్టిన బిడ్డ. తప్పొప్పుకొని తల వంచుట అని దాని యర్థము. హంబుల్ అనగా వినయము గలది, అల్పమైనది. 'పై' అనగా పిండిపొరలో కూరి కాల్చిన వంటకము. వినయమును వంటకముగ తినుట యేమని విద్యార్థి యడుగును. లేడి మొదలగు వేటజంతువుల గుండె, కాలేయము మున్నగువానికి పూర్వము 'నంబుల్స్' అని పేరు. పైని జెప్పిన రీతిని నకారము పోయి 'అంబుల్స్' అయినది. మంచి మాంసము దొరల బల్లకు పోగా, ఈ భాగములతో చేసిన వంటకము తక్కువదిగ నెంచబడెడిది. హకారమును మ్రింగి పలుకువారి నోట హంబుల్, అంబుల్ ఒకే రీతిగ వినబడును. 19వ శతాబ్దిలో ఎవరి చమత్కారముననో రెండును కలసి జాతీయ మయ్యెను. వినయార్థక పదము లాటినునుండి వచ్చినది. వంటకపు మాటకు దానితో జన్మసంబంధ మేమియు లేదు. శ్లేషను వ్యుత్పత్తి యని భ్రమించుట కిది చక్కని యుదాహరణము. కాని జాతీయము మాత్రము శ్లేష లేనిదే పుట్టెడిది కాదు.

భారతదేశమునుండి ఆంగ్లమున కేగిన పదముల విషయమున ఈ భ్రమలు రెట్టింపుగ నున్నవి. ఆ పదములకు హెన్రీ యూల్, ఏ. సి. బర్నెల్ అను ఇరువురు కలసి కూర్చిన మహాకోశము 1886లో వెలువడెను. బర్నెల్ చెన్నరాజధానిలో న్యాయాధికారిగ నుండి దక్షిణదేశపు లిపులను గూర్చి గొప్ప గ్రంథము వ్రాసిన సంస్కృతజ్ఞుడు. కోశము ముగియకముందే, 1882లో, గతించెను. దానిని విలియం క్రూక్ సంస్కరించి 1903లో మరల ప్రకటించెను. కోశమునకు పెట్టిన పేరు హాబ్సన్-జాబ్సన్. ఆ పేరే ఒక పాఠము. మొహర్రము దినములలో శోకార్తులు హసన్, హుస్సేనుల పేళ్లు పిలిచి యేడ్చుచుండగా, ఆంగ్లసైనికుల చెవికి అది తమ దేశమున నుండు రెండు ఇంటిపేళ్లుగ వినబడినది. పరభాషాశబ్దమును స్వభాషాశబ్దముగ మలచుకొను ఈ గుణమును భాషాశాస్త్రజ్ఞులు ఆ కోశము పేరుతోనే వ్యవహరింతురు.

ఇంతటి కోశకర్తలును ఒకచోట ధ్వనిసామ్యమునకు లోబడిరి. 'డామ్ ఈయను' అను అర్థముగల ఆంగ్లజాతీయము లెక్కచేయను అను భావమున వాడబడును. అక్బరు కాలమున రూపాయకు నలుబది 'దాము'లు. ఈ జాతీయము ఆ స్వల్పనాణెమునుండి పుట్టియుండునని వారు సూచించిరి. దమ్మిడీకి కొఱగాదు అను మాట తెలిసిన భారతీయునకు ఇది ఎంతయు నచ్చును. కాని నాణెముతో ముడిపెట్టు ప్రయోగ మొక్కటియు ప్రాచీనముగ దొరకలేదు. శాపార్థకమగు పదమే లెక్కపెట్టి చెప్పబడుట గోల్డ్‌స్మిత్తు రచనలలో 18వ శతాబ్దియందే కలదు. శాపము చాలియుండగా నాణె మేల?

పాష్ అను పదము కథ మఱింత ప్రసిద్ధము. సంపన్నులకు తగినది, డాబుగలది అని దాని యర్థము. ఇంగ్లండునుండి ఇండియాకు వచ్చు ఓడలలో ఎండ తగులకుండ, వచ్చునప్పుడు ఎడమ ప్రక్క గదులను, పోవునప్పుడు కుడి ప్రక్క గదులను ధనికులు కొనెడివారనియు, ఆ నాలుగు మాటల మొదటి యక్షరములు చీట్లపై నచ్చువేయబడి ఈ పదమయ్యె ననియు చెప్పుదురు. అట్టి యచ్చుగల చీటి యొక్కటియు ఇంతవఱకు ఎవ్వరును చూపలేదు. మొదటి యక్షరములను గ్రుచ్చి పదము లల్లుట 20వ శతాబ్దికి ముందు మిక్కిలి యరుదు. 19వ శతాబ్దిలోనే ఇదే ధ్వనిగల వీధిమాటలు డబ్బును, సోగ్గానిని చెప్పుటకు వాడుకలో నుండెను. ఓడ కథకు ఇంతటి ప్రచారము కలుగుటకు దాని యందమే కారణము.

దీని ప్రక్కనే డూలాలీ అను పదము నుంచి చూడదగును. మతి చలించినవాడని దాని యర్థము. నాసికు చెంతనున్న దేవలాలీ దండులో, కొలువు ముగిసిన ఆంగ్లసైనికులు స్వదేశమునకు పోవు ఓడకై నెలల కొలది పనిలేక కాచియుండి మతి తప్పెడివారని ప్రతీతి. ఇదియు ఓడ కథయే, ఇదియు వినుటకు కల్పితమువలె నుండును. కాని దేవలాలీ నిజమైన దండు. సైనికుల వాడుకలో మొదటి రూపము 'డూలాలీ టాప్' అని రెండు మాటలు. ఆ రెండవ మాట జ్వరార్థకమగు 'తప్'. సంస్కృతజ్ఞులకు తాపము స్ఫురింపక మానదు. దేవలాలీ జ్వరము పట్టెనని మొదట చెప్పి, పిదప జ్వరమును విడిచి ఊరిని మిగిల్చిరి. కథ వింతగా నుండుట అసత్యమునకు గుఱుతు కాదు, సత్యమునకును కాదు.

తెలుగుదేశమునకు సంబంధించిన చోట్ల నిగ్రహము మఱింత యవసరము. మస్లిన్ అను సన్నని నూలువస్త్రము పేరు మచిలీపట్టణమునుండి పుట్టెనని వాదించినవారు కలరు. వారి వాదము బలహీనమైనది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటి యవన నావికుని గ్రంథమున తూర్పుతీరపు 'మసలియ' దేశము పేర్కొనబడినది. అచట సన్నని నూలుబట్టలు విస్తారముగ నేయుదురని అందే కలదు. రెండవ శతాబ్దిలో టాలమీయు 'మైసోలియ' యని ఆ తీరమునే చెప్పెను. పేరు కలసినది, సరకు కలసినది, ఇంకేమి కావలెను? కాలక్రమము కావలెను. 13వ శతాబ్దిలో మార్కోపోలో, ఇరాకు దేశమునందలి మోసుల్ నగరపు వస్త్రములను ఆ నగరముపేరనే వ్యవహరించెను. ఇటలీ భాషనుండి ఫ్రెంచికిని, దానినుండి 17వ శతాబ్దిలో ఆంగ్లమునకును పదము పోయినది. పోర్చుగీసులు సముద్రమార్గమున ఇండియాకు వచ్చుటకు రెండు శతాబ్దులకు ముందే ఐరోపాకు ఆ పేరు తెలియును. మార్కోపోలో చెప్పినవి పట్టు, జరీ బట్టలు, నూలువి కావు. ఆ పేరు తరువాత వేఱు వస్త్రమునకు చెందినది. ఈ చిక్కు ఉన్నను పదము నడచిన త్రోవ మోసుల్‌దే. మచిలీపట్టణమునకు కలంకారి కీర్తి కలదు. మస్లిన్ కీర్తి దాని కక్కఱలేదు.

గోలకొండ మాత్రము ఆంగ్లమున తఱుగని సంపదకు సామాన్యనామమై నిలిచినది. గని గోలకొండలో లేదు. వజ్రములు కృష్ణాతీరమున కొల్లూరు మొదలగు చోట్ల దొరకి, గోలకొండ విపణికి చేరెడివి. కొనినచోటి పేరు నిలిచినది, త్రవ్వినచోటిది పోయినది.

నిస్సంశయముగ తెలుగుదని నిఘంటువు లంగీకరించు ఆంగ్లపదము ఇంత శోభగలది కాదు. అది బాండికూట్, తెలుగు పందికొక్కు. పంది, కొక్కు అను రెండు మాటల సమాస మిది. కొక్కు అనగా ఎలుక. వినాయకునికి కొక్కురౌతు అను పేరుండుట పండితు లెఱిగినదే. తోకను విడిచియే యడుగెడు పొడవుగల ఈ జంతువు బెదరించినప్పుడు పందివలె గుఱ్ఱుమనును. దేవగిరికోట చెఱసాలలో పిల్లులకంటె పెద్దవగు ఎలుక లుండెననియు, పిల్లులు వానికి వెఱచి పాఱిపోయెడి వనియు 14వ శతాబ్దియందలి ఇబ్ను బతూతా వినిన సంగతి ఈ జంతువును గూర్చినదే యని యూల్ ప్రభృతులు తలంచిరి. 18వ శతాబ్ది యుత్తరార్ధమున పదము ఆంగ్లమున కనబడుచున్నది. పకారము బకారమైనది. తుద నున్న టకారము తెలుగున లేదు; 'కూట్' అని యొక నీటిపక్షి పేరు ఆంగ్లమున అదివఱకే యుండుటచేత చెవి అటు మొగ్గి యుండవచ్చును. స్పానిషు కుకరాచాను, కోడి యను అర్థముగల 'కాక్' తోడను, చేప యను అర్థముగల 'రోచ్' తోడను ముడివైచి కాక్‌రోచ్ చేసికొన్నవారికి ఇది కష్టము కాదు. ఇచ్చట రూపము, అర్థము, చోటు, కాలము నాలుగును పొందికగ నున్నవి. వ్యుత్పత్తి నిలుచుటకు ఇట్టి పొందికయే ఆధారము.

పదము అంతటితో నాగలేదు. 18వ శతాబ్ది చివర ఆస్ట్రేలియాకు పోయిన ఆంగ్లేయులు అచట పొడవగు మూతితో నేలను త్రవ్వు చిన్నజంతువు నొకదానిని చూచి, తమ కెఱుకపడిన పేరునే పెట్టిరి. ఆ జంతువునకు ఎలుకజాతితో సంబంధము లేదు. అది కంగారువలె పిల్లలను సంచిలో మోయునది. త్రవ్వునప్పుడు మన్ను లోనికి పోకుండ సంచినోరు వెనుకకు తిరిగియుండును. నేడు ఆంగ్లమున బాండికూట్ అన్నచో ముందుగ తోచునది ఈ జంతువే. తెలుగునాటి అసలు జంతువును 'బాండికూట్ ర్యాట్' అని విశేషించి చెప్పవలసివచ్చినది. అనగా పందిఎలుక యెలుక! ఆస్ట్రేలియా జంతువులలో సన్నని, గిట్టలవంటి పాదములు గల యొక తెగకు 'పందిపాదముల బాండికూట్' అని పేరిడిరి. పేరులో ఒక పంది యదివఱకే యున్నదని ఆ పేరిడినవా రెఱుగరు. ఆ తెగ 20వ శతాబ్దిలో నశించినది. 1996లో వెలువడిన వీడియోక్రీడ యొకటి క్రాష్ బాండికూట్ అను పాత్రను లోకమంతటను పిల్లలకు పరిచయము చేసినది. వారిలో తెలుగు పిల్లలును కలరు.

ముంగిసకును ఇంతటి గౌరవమును కోరిన వారున్నారు. మంగూస్ అను ఆంగ్లపదము తెలుగునుండి పోయెనని యూల్ కోశము; మరాఠీ 'మంగూస్' నుండి పోయెనని తరువాతి నిఘంటువులు. ఆంగ్లరూపమునకు మరాఠీ మిక్కిలి దగ్గఱ. తెలుగు పక్షమున పట్టుదల కూడదు. గూస్ అనగా బాతు అగుటచేత దీని బహువచనమును బాతుల బహువచనమువలె చేయు ఆంగ్లేయులు నేటికిని కలరు. గిడ్డంగికిని గోడౌన్ అను పదమునకును సంబంధము కలదు గాని, నడుమ మలయీభాష గుదాంగ్ నిలిచియున్నది. అది తెలుగునుండి గ్రహించెనో, 'పడియుండుట' అను ధాత్వర్థము స్పష్టముగ గల తమిళపు కిడంగునుండి గ్రహించెనో తేలలేదు. ఆంగ్లేయుడు మాత్రము 'క్రిందికి దిగిపోవుట' అను తన మాటగ దానిని వినెను.

జాతీయములను పుట్టించుట పదము పూర్తిగ పరభాషలో వేరూనె ననుటకు నిదర్శనము. ఆ పరీక్షకు పందికొక్కు నిలిచినది. ఏకాకియై దిక్కుమాలినవానిని ఆస్ట్రేలియాలో 'కాలిన గుట్టపై బాండికూట్ వలె' నున్నాడందురు. బొత్తిగ బట్టతల వానికిని, మిక్కిలి దీనునకును అదియే యుపమానము. అచట అది క్రియాపదము కూడ నైనది. పరుల తోటలో దుంపమొక్కను పైకి చెక్కుచెదరనీయక, ప్రక్కనుండి మన్ను తవ్వి, దుంపలను మాత్రము లాగుకొని, ఆకులను యథాస్థితిగ నిలిపి పోవుటను 'బాండికూట్ చేయుట' యందురు. మొక్క వాడువఱకు తోటవానికి దొంగతనము తెలియదు. తెలుగున పందికొక్కు నామవాచకమే. దానికి క్రియ యగు భాగ్యము సముద్రము దాటిన పిదప గాని కలుగలేదు.